సగం చెరువు

1982 డిసెంబరు 5, ఆదివారం

తూము తాళంచెవి చివరికి నా దగ్గరికే వచ్చింది. పొద్దున ఆయకట్టు రైతులంతా నేను పాఠాలు చెప్పే బడి అరుగు మీద కూర్చుని, "అయ్యోరి దగ్గరుంటే ఎవురికీ అనుమానం ఉండదు" అని తేల్చేశారు. నేను వద్దు వద్దంటూనే చెయ్యి చాపాను. కుముదవల్లి కిటికీలోంచి చూసిందట. "వద్దనుకునేవాళ్లు చెయ్యి వెనక్కి పెట్టుకుంటారండీ" అంది అన్నం వడ్డిస్తూ. పెళ్లయిన నాటినుంచీ ఈమె దగ్గర నాకు ఒక్క గొప్పా మిగల్లేదు.

సూళ్లూరుపేట నుంచి కొత్త ఫారెస్టు రేంజరు కూడా వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. గూడబాతులు, అతని మాటలో పెలికన్లు, మా చెరువులో చేపల కోసం వస్తాయనుకుంటున్నాడు. తిండి పులికాట్ నుంచి తెచ్చుకుంటాయనీ, ఇక్కడ వాటికి కావలసింది చెట్ల కింద నీళ్లేననీ చెప్పాను. నీళ్లలో నిలబడ్డ కణప చెట్టయితేనే గూడు పెడతాయి. నీళ్లుంటే కుక్క రాదు, నక్క రాదు, మనిషీ రాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా తూము ఎత్తకూడదన్నది ఊరి కట్టుబాటు, ఫారెస్టువాళ్లు పుట్టకముందు నుంచీ ఉన్నదే. మామూలుగా అప్పటిదాకా పైరుకి వానలే సరిపోతాయి. ఆ తర్వాత పక్షుల రెట్ట కలిసిన నీళ్లు వేసవి పైరుకి వదులుకుంటాం. ఆ నీళ్లకి ఎరువు అక్కర్లేదు.

ఈ ఏడు దీపావళి తుఫాను ఒక్కటే వాన. చెరువు ముప్పాతిక నిండి ఆగింది.

డిసెంబరు 12

చిన్నబ్బ వచ్చి పిలిచాడు, ఒక పిల్ల గూట్లోంచి జారి కొమ్మల మధ్య ఇరుక్కుందని. ఇద్దరం చెరువు పై కొసకి వెళ్లాం. పంచె ఎగ్గట్టి దిగాను. నీళ్లు తొడల దాకా వచ్చాయి, అడుగున బురద మెత్తగా జారుతోంది. చిన్నబ్బ పిల్లని తువ్వాల్లో చుట్టి చెట్టెక్కి గూట్లో పెట్టాడు. తల్లి పక్క కొమ్మ మీద కూర్చుని మమ్మల్ని బెత్తం పట్టుకున్న ఇన్‌స్పెక్టరులా చూసింది.

"కాన్పుకొచ్చిన ఆడబిడ్డలు అయ్యోరా, అట్లనే సూస్తాయి" అన్నాడు చిన్నబ్బ. ఊళ్లో అందరూ అనేదే. ఆడపిల్ల పుట్టింటికి కాన్పుకొచ్చినట్టు ఇవి మా ఊరికొస్తాయని.

చిన్నబ్బ నా రెండెకరాలు గుత్తకి చేస్తాడు. మూడేళ్ల కిందట కరువులో మద్రాసు పోయాడు, మేడలు కట్టే చోట ఇటుకలు మొయ్యడానికి. ముగ్గురు పిల్లల్తో పోయి ఇద్దరితో వచ్చాడు. చిన్నదానికి అక్కడ విరేచనాలు పట్టుకున్నాయి. ఆ సంగతి అతను మాట్లాడడు, నేను అడగను.

డిసెంబరు 19

మబ్బు పట్టింది. విడిపోయింది.

డిసెంబరు 23

వరి పొట్టకొచ్చింది. కయ్యల్లో నేల నెరెలు తీసింది. నా అరికాలు పట్టేంత నెరె. చిన్నబ్బ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, తూము మాటెత్తలేదు. ఏదో అంటాడనీ, ఏం జవాబు చెప్పాలనీ దారి పొడుగునా సిద్ధం చేసుకుని వెళ్లాను. అతను ఏమీ అనకపోయేసరికి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

డిసెంబరు 25

మళ్లీ అరుగు మీద మీటింగు. ఈసారి అరుపులు.

తులసీరాం, ఆయకట్టులో పెద్ద రైతు, "తూము ఎత్తాల్సిందే" అన్నాడు. ఆడవాళ్లలోంచి యశోదమ్మ లేచి, "కాన్పుకొచ్చిన బిడ్డని ఇంట్లోంచి తరమతామా అప్పా?" అంది. తులసీరాం, "ఇంట్లో గింజ లేకపోతే కాన్పుకొచ్చిన బిడ్డకైనా ఏం పెడతావమ్మా?" అన్నాడు. రెండు మాటలూ నిజమే. అందుకే ఎవరూ ఊరుకోలేదు.

రేంజరు, "మార్చి దాకా ఒక్క చుక్క వదలడానికి లేదు" అన్నాడు. ఎవరో అతన్ని, "నువ్వు మార్చి దాకా తినకుండా ఉండు సామీ" అన్నారు. అతను ఎర్రబడ్డాడు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. రేపు చెప్తానన్నాను.

డిసెంబరు 26

తట్టింది. స్నానం చేస్తుంటే తట్టింది, తల తుడుచుకోకుండానే రాస్తున్నాను.

సగం. తూము రాతికి గీతలు చెక్కి ఉన్నాయి కదా. ఉన్న నీళ్లలో సగం గీతల దాకా వదిలి ఆపేద్దాం. పైరుకి ఒక తడి అందుతుంది. మిగతా సగం పక్షులది. ఎవరికీ నష్టం లేదు. వాన పడితే మళ్లీ చూసుకుందాం. ఇంత తేలిక సంగతికి ఊరంతా గొంతులు చించుకుంది.

రేంజరుకి చెప్తే కాసేపు ఆలోచించి, "సగమంటే న్యాయంగానే ఉంది సార్. మీరు చూసుకుంటారుగా" అన్నాడు. చూసుకుంటానన్నాను. తులసీరాం కూడా తలూపాడు. యశోదమ్మ, "ఆడబిడ్డకి సగం వాటా ఇచ్చిన ఊరు మనదే" అని నవ్వింది. అందరూ నవ్వారు. ఇన్నాళ్లకి నా చదువు ఊరికి పనికొచ్చింది.

కుముదవల్లి మాత్రం, "చెట్ల దగ్గర సరిపోతాయా?" అంది. సగం ఉంటుందే పిచ్చిదానా, సగం ఉంటే ఎందుకు సరిపోవు అన్నాను.

డిసెంబరు 29

తూము ఎత్తాం. నీళ్లు కాలవలో పడ్డ చప్పుడికి పెద్దవాళ్లు కూడా చంటిపిల్లల్లా పరుగెత్తారు. చిన్నబ్బ పెళ్లాం మునిరత్నమ్మ కాలవ గట్టున కూర్చుని నీళ్లలో చేతులు పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నెరెలు బుసబుస తాగుతున్నాయి. చిన్నబ్బ కయ్యలోంచి నా వైపు చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను.

ఇంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు. ఇది కుముదవల్లి చదవదు కాబట్టి రాస్తున్నాను.

డిసెంబరు 31

గీత దగ్గర తూము దించి తాళం వేశాను. అనుకున్న గీతకి వేలెడు పైనే ఆపాను, పక్షులకి కొసరు.

చెట్ల దగ్గరికి వెళ్లి చూడాలి. ఎల్లుండి ఎలక్షన్ డ్యూటీకి నాయుడుపేట పోవాలి, సర్దుకునే పని ఉంది. చెట్ల కింద నీళ్లుంటాయి.

1983 జనవరి 3, నాయుడుపేట

ట్రైనింగు. ఇక్కడ ప్రతి జీపూ నీళ్లు తెస్తాననే అరుస్తోంది. పక్క మంచం మీది మాస్టరు మా చెరువు సంగతి విని మెచ్చుకున్నాడు. "రెండు పక్షాలూ సంతోషించే తీర్పు చెప్పడం మాటలా" అన్నాడు. చెట్ల కింద నీళ్లుంటాయి.

జనవరి 5

చెట్ల కింద నీళ్లుంటాయి. లోతు తగ్గి ఉంటుంది, అంతే.

జనవరి 7

లేవు.

జనవరి 8

నిన్న రాయలేకపోయాను.

బస్సు దిగి ఇంటికి పోకుండా చెరువుకి వెళ్లాను. కట్ట మీద నిలబడితే చెరువు బాగానే ఉంది, తూము దగ్గర నిలువెత్తు నీళ్లు. కట్ట వెంట పై కొసకి నడిచేకొద్దీ నీళ్లు వెనక్కి జరిగాయి. చెట్ల దగ్గర బురద, బురద మీద కుక్కల అడుగులు. తెల్లటి ఈకలు. గూళ్లలోంచి పడ్డ పిల్లలు, సగం తిన్నవి. ఒక కుక్క నన్ను చూసి కూడా లేవలేదు, కడుపు నిండి పడుకుంది.

చెరువు కుండ కాదు. కట్ట దగ్గర లోతు, పై కొసన లోతు లేదు. తూము రాతి దగ్గర సగమంటే చెట్ల దగ్గర ఏమీ లేనట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మేము నీళ్లని తూము రాతి దగ్గరే కొలిచాం, ఎందుకంటే నీళ్లు మాకు అక్కడే కావాలి. పిల్లలు ఎగరకముందు తూము ఎత్తిన ఏడు లేదు కాబట్టి సగం చెరువులో చెట్లు ఎట్లా ఉంటాయో ఎవరూ చూడలేదు.

ఊరికి తెలియదు, సరే. నాకు తెలుసు. డిసెంబరు పన్నెండున నా తొడలు తడిశాయి. ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. తూము దగ్గర మనిషి లోతు దించితే తొడలోతు నీళ్లు ఎక్కడుంటాయి? అయిదో క్లాసు పిల్లవాడు చేసే లెక్క. ఆ లెక్క వాళ్లకి చెప్పేది నేనే.

జనవరి 9

లోపలి అంచున నాలుగు చెట్ల కింద ఇంకా మోకాటిలోతు నీళ్లున్నాయి. ఆ గూళ్లు బాగున్నాయి. మిగతా చెట్ల చుట్టూ కుక్కలు రాకుండా ముళ్లకంప నాటుదామని బయల్దేరాను. నలుగురైదుగురు వస్తారనుకున్నాను, చాలామందే వచ్చారు. చిన్నబ్బ అందరికన్నా ముందే వచ్చి కంప కొడుతున్నాడు. చేతుల నిండా ముళ్లు. తులసీరాం కూడా బండి తోలుకొచ్చాడు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

రేంజరు వచ్చాడు. బురదలో నిలబడి, "సగం ఉంచుతామన్నారు కదా సార్" అన్నాడు. ఉంచాం బాబూ, తూము దగ్గరికి వెళ్లి చూసుకో అన్నాను. అతను తూము వైపు పోలేదు, బురదలోనే చెట్ల వైపు నడిచాడు. ఆ మాట నేనే అన్నానా అని ఇప్పటికీ అనుకుంటున్నాను.

జనవరి 11

కంప వల్ల ఇంకా చెడింది. శ్రీహరికోటలో రాకెట్లు పేలినా బెదరని పక్షులు, చెట్ల కింద అంతమంది మనుషులు తిరిగేసరికి లేచిపోయాయి. తల్లులు లేచిన గూళ్ల మీద కాకులు వాలాయి. మేం కింద నిలబడి కేకలు వేస్తున్నాం. మా కేకలకి మరికొన్ని లేచాయి. యశోదమ్మ, "ఊరుకోండప్పా, ఊరుకోండి, మీరు అరిస్తే అవి యాడికి దిగుతాయి" అని ఏడ్చింది. అందరం నోళ్లు మూసుకుని వెనక్కి వచ్చేశాం. సాయం చెయ్యడం కూడా చేతకాలేదు.

జనవరి 12

కొన్ని గూళ్లలో పిల్లలు అరుస్తున్నాయి. బడిలోకి వినిపిస్తోంది. రెండో ఎక్కం చెప్పిస్తూ గొంతు పెంచమన్నాను. పిల్లలు గొంతు పెంచారు.

జనవరి 15

ఇవాళ అరుపులు లేవు.

జనవరి 17

చిన్నబ్బ వచ్చాడు. అరుగు కింద నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇంకొక తడి కావాల అయ్యోరా. గింజ పాలు పోసుకుంటాండాది. ఈ వారంలో నీళ్లు పడకపోతే అంతా తాలే."

లోపలి నాలుగు చెట్లూ ఉన్నాయి కదా చిన్నబ్బా అన్నాను. "తూము ఎత్తితే ఆ కాసిన్ని నీళ్లూ పోతాయి. ఇంకో నెల ఆగితే ఆ పిల్లలు ఎగురుతాయి" అని కూడా అన్నాను.

"నెలకి నా కయ్యలో ఏం ఉంటాది? గడ్డి ఉంటాది."

నేను నేల చూస్తున్నాను. అతను మెల్లగా అన్నాడు: "పక్షులంటే నాకు మాత్రం ప్రేమ లేదా? నీతోనే గదా చెట్టెక్కినా. అయితే ఈసారి మద్రాసు పోతే ఎందరం తిరిగొస్తామో నాకు తెలీదు. ఆ మాట నీకు చెప్పాల్సి వస్తాదని అనుకోలా."

వాన పడుతుందేమో చూద్దాం అన్నాను. అతను ఆకాశంకేసి కూడా చూడలేదు. వెళ్లిపోయాడు.

జనవరి 18

కుముదవల్లిని అడిగాను ఏం చెయ్యమంటావని. "నన్నడిగితే నా మాట మీద పెట్టేస్తారు" అంది. అవును, అందుకే అడిగాను.

ఆమెకి ఏడుపొచ్చి వంటింట్లోకి పోయింది. నేను కూడా పోయి పక్కన కూర్చున్నాను. అన్నం మాడింది.

జనవరి 19

పొద్దున ప్రార్థన కాకముందే మునిరత్నమ్మ బడికి వచ్చింది, ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని. ఏడవలేదు, బతిమాలలేదు.

"ఈళ్ల పేర్లు బళ్లో ఉంచుతావా సామీ, కొట్టేస్తావా? పోతే మళ్లీ ఎప్పుడొస్తామో."

ఎందుకు పోవడం అన్నాను. పిచ్చి ప్రశ్న.

"పెద్దోడికి ఎక్కాలు బాగా వస్తాండాయి. ఆడ బడి ఉండదు. అందుకని అడగతాండాను" అంది.

పెద్దవాడు పలక గుండెకి అదుముకుని నా వైపు చూస్తున్నాడు. పేర్లు ఉంచుతానమ్మా, ఇంటికి పో అన్నాను. బడి వదిలి రేంజరు కోసం సూళ్లూరుపేట పోయాను. క్యాంపుకి పోయాడట, ఎల్లుండి గానీ రాడట. బెంచీ మీద కాసేపు కూర్చుని వచ్చేశాను. నిజం చెప్పాలంటే అతను లేనందుకు నాకు హాయిగా అనిపించింది. ఉండి వద్దంటే ఏం చేసేవాణ్ణి.

జనవరి 20

చిన్నబ్బకి తాళంచెవి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "నువ్వే ఎత్తు అయ్యోరా. ఈ పని నా చేత చేయించబాక" అన్నాడు.

ఎత్తాను. మధ్యాహ్నం ఎండలో, అందరూ చూస్తుండగా. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. నీళ్లు కాలవలో పోతున్నాయి, మనుషులు పారలు పట్టుకుని ఎవరి కయ్య దగ్గరికి వాళ్లు పోయారు. ఏదైనా చావు జరిగిన ఇంట్లో పని చేసుకుంటున్నట్టు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా.

నేను మనుషుల పక్షం ఎంచుకున్నాను అని ఒక వాక్యం రాసి కొట్టేశాను. అంత గొప్ప సంగతేం లేదు. మునిరత్నమ్మ మళ్లీ వచ్చి ఆ ప్రశ్న అడిగితే తట్టుకోలేక ఎత్తాను. పక్షులు వచ్చి నన్ను ఏమీ అడగలేవు.

మొదటే మొత్తం వదిలి ఉంటే నిష్ఠూరమైనా ఒక పక్షం నిలిచేది. మొదటే ఒక్క చుక్క వదలకుండా ఉంటే రెండో పక్షం నిలిచేది. నేను రెంటికీ మంచివాణ్ణి కావాలనుకున్నాను. ఇప్పుడు పక్షులూ పోయాయి, చిన్నబ్బ చేత ఆ మద్రాసు మాట కూడా అనిపించాను. ఛీ.

జనవరి 24

నాలుగు చెట్ల దగ్గరికి వెళ్లలేదు. యశోదమ్మ వెళ్లింది. ఆమె మొహం చూసి నేనేమీ అడగలేదు.

ఫిబ్రవరి 27

కోతలయ్యాయి. పంట గొప్పగా లేదు, బాగానే ఉంది. చిన్నబ్బ మద్రాసు పోవడం లేదు. అతని పెద్దకొడుకు పదమూడో ఎక్కం అప్పజెప్పాడు, తప్పు లేకుండా. తల నిమిరాను. ఆ పిల్లవాడు బతికి బడిలో ఉన్నాడు కదా అని రోజూ చెప్పుకుంటున్నాను. నిజమే. చెప్పుకున్నా అన్నం సహించడం లేదు.

మార్చి 6

రేంజరుకి బదిలీ. వెళ్లే ముందు ఇంటికొచ్చి కాఫీ తాగాడు. తిడతాడనుకున్నాను. "నేనూ చెట్ల దగ్గరికి పోయి కొలవలేదు సార్, మీ మాట విని సరే అన్నాను" అన్నాడు. వాళ్లమ్మకి ఒంట్లో బాగుండదట.

నవంబరు 10

ఎనిమిది నెలలకి ఈ పుస్తకం తీశాను.

ఈ ఏడు వానలు విరగబడి కురిశాయి. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు కలుజు మీద పొర్లిపోతున్నాయి. కణప చెట్లు నడుం లోతు నీళ్లలో పచ్చగా నిలబడ్డాయి. అక్టోబరు పోయింది. ఒక్క పక్షి దిగలేదు. గూడబాతుల గుంపు రెండుసార్లు పైనుంచి పోయింది, పులికాట్ వైపు. పోతున్నంతసేపూ ఆడవాళ్లు కట్ట మీద తలలెత్తి నిలబడ్డారు.

తూముకి తాళం తీసేశారు. ఇక దేనికి. నీళ్లు ఎవరికి ఎప్పుడు కావాలన్నా వదులుకోవచ్చు. పోయినేడు జరిగిన పోట్లాట తీరిపోయింది.

నవంబరు 18, శుక్రవారం

ఇవాళ చిన్నబ్బ తమ్ముడు నారాయణ పెళ్లి. పంట చేతికొచ్చింది కాబట్టి కుదిరిన పెళ్లి. పొద్దున్నే పెళ్లికూతురు వాళ్లు బండ్లు దిగారు. ఊళ్లోకి మేళతాళాలతో తీసుకొస్తున్నారు. నేను చిన్నబ్బ పక్కన నడుస్తున్నాను. కొత్త పంచె కట్టాడు, ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు. మునిరత్నమ్మని కూడా ఏదో అని ఏడిపించాడు.

చెరువు కట్ట మలుపు దగ్గరికి రాగానే డోలు ఆగింది, నాదస్వరం ఆగింది. ఎవరూ చెప్పలేదు. మేళగాళ్లు మా ఊరివాళ్లే. గూళ్లున్న కాలంలో కట్ట మీద మేళం వాయించకూడదు కదా, తాతల నాటి నుంచీ ఆ మలుపులో చేతులు వాటంతటవే ఆగిపోతాయి. పిల్లలు కూడా మాటలు ఆపేశారు. అందరం కాలి చప్పుడు వినిపించేంత మెల్లగా పది అడుగులు నడిచాం.

పెళ్లికూతురు తరఫు పెద్దాయన ఒకరు, "ఏమప్పా, ఎవురన్నా పోయినారా?" అని అడిగాడు.

చిన్నబ్బ చెట్ల వైపు చూశాడు. నేను అతని వైపు చూడలేకపోయాను. కాసేపటికి అతను తువ్వాలు భుజం మార్చుకుని మేళగాళ్లతో, "కొట్టండప్పా, ఏం లేదు, కొట్టండి" అన్నాడు.

వాళ్లు కొట్టారు. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. నాకు ఏడుపు ఆగలేదు. పెళ్లి జనంలో ఏడవకూడదని పక్కకి తిరిగి నడిచాను. కట్ట చివరిదాకా కొడుతూనే ఉన్నారు.